ట్రైఫీనా వదిన వేసిన తాళం

సముద్రపు ఒడ్డున చేపలవేటతో బతికే మా స్కిల్లెట్ కోవ్‌లో ఇళ్ళకు తాళాలు ఉండేవి కావు. తలుపు తట్టే అలవాటు కూడా లేదు. ఎవరైనా తలుపు తట్టారంటే పైఊరివాడైనా అయుండాలి, కొత్తగా వచ్చిన పాదిరీగారైనా అయుండాలి. మిగతా అందరం గొళ్ళెం తీసుకుని నేరుగా వంటగదిలోకి నడిచిపోవడమే. పొయ్యి మీద కెటిల్ ఎప్పుడూ కాగుతూనే ఉండేది. వచ్చినవాళ్ళు కుర్చీ లాక్కునేలోపే టీ కప్పు, మొలాసిస్ పాకం రాసిన రొట్టె ముక్క ముందుకు వచ్చేసేవి. వచ్చింది పిల్లలైతే ఆకలిగా ఉందా అని అడగడం కూడా తప్పే. అడిగితే పెట్టే ఉద్దేశం లేదని అర్థం.

అలాంటి ఊళ్ళో మా ట్రైఫీనా వదిన వంటసామాను గదికి ఇనుప తాళం వేయించింది. నేను గార్లండ్ కీపింగ్ చెల్లెల్ని, డ్రూసిల్లాని. తాళం బిగించింది మా అన్నే. బిగిస్తున్నంతసేపూ తల ఎత్తలేదు. సాయంత్రానికల్లా ఆ కబురు ఊరంతా పాకిపోయింది. పడవల దగ్గర మగవాళ్ళు మా అన్నను ఏడిపించడం మొదలుపెట్టారు. "ఏం గార్లండూ, మీ ఇంట్లో రొట్టెను జైల్లో పెట్టారటగా? బెయిలు ఎప్పుడు?" అన్నాడొకడు. మా అన్న నవ్వి ఊరుకున్నాడు. ఇంటికొచ్చాక భోజనం చేయలేదు.

వదిన ఎందుకా పని చేసిందో చెప్పాలంటే మిర్టిల్ సంగతి చెప్పాలి.

మిర్టిల్ వాళ్ళ రెండో సంతానం. పెద్దవాడు హెడ్లీ పుల్లలా ఉండేవాడు. ఎంత తిన్నా నిక్కరు నడుము మీద నిలిచేది కాదు. మిర్టిల్ కూడా అదే కుండలో వండినదే తినేది. ఉప్పుచేప, బంగాళాదుంప, ఆదివారం ఉప్పు బీఫ్, బఠాణీ ముద్ద. రెండేళ్ళు వచ్చేసరికి పిల్ల ఉబ్బడం మొదలైంది. అయిదేళ్ళకు అన్నయ్య కోటు దానికి పట్టేది కాదు. చూసినవాళ్ళు మొదట్లో బుగ్గలు గిల్లి ముచ్చటపడ్డారు. తర్వాత ముచ్చట పోయింది. "పిల్లకి ఏం మేపుతున్నావమ్మా?" అని వదిన్ని అడిగేవాళ్ళు. నవ్వుతూనే అడిగేవాళ్ళు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది.

దానికి ఎప్పుడూ ఆకలే. మారాం కాదు, తిండియావ కాదు, నిజం ఆకలి. కడుపు నిండా తిని లేచిన పిల్ల ఇంకా ఏమీ తిననట్టు గిన్నె వైపు చూసేది. "అమ్మా, ఇంకా ఆకలేస్తోందే" అని చిన్నగా అనేది. గట్టిగా అడిగితే కోప్పడతారని దానికి తెలుసు. తిన్న సంగతి దాచడం తప్ప ఎందులోనూ అబద్ధం ఆడేది కాదు. చక్కగా పాడేది. ఎవరి నడకనైనా చూపించి నవ్వించేది. పాదిరీగారు ముక్కు చీదుకోవడం దాని కంటే బాగా ఎవరూ చేయలేరు.

ఒకరోజు వదిన చేపలు ఎండేసే పందిరి దగ్గర్నుంచి వచ్చి పిల్ల కోసం వెతికింది. మిర్టిల్ చేపల కొట్టంలో కూర్చుని ఉంది. గుట్టగా పేర్చిన పచ్చి ఉప్పుచేపను పళ్ళతో చీల్చుకుని నములుతోంది. ఉప్పుకు పెదాలు పగిలి నెత్తురు కారుతోంది. ఏడుస్తోంది, నములుతోంది. "ఆపలేకపోతున్నానమ్మా, నువ్వు ఆపవే" అంది. ఆ మాట వదినే నాకు చెప్పింది. ఆ మర్నాడే తాళం వచ్చింది.

తాళంతో పని అయిపోలేదు. ఇంట్లో దొరకనిది ఊళ్ళో దొరుకుతుంది కదా. మిర్టిల్ ఏ గొళ్ళెం తీసినా రొట్టె సిద్ధం. అందుకని వదిన ఇల్లిల్లూ తిరిగింది. నన్ను తోడు తీసుకెళ్ళింది. వంటగదిలో నిలబడి, ఇచ్చిన టీ తాగకుండా, "మా పిల్లకి ఏమీ పెట్టకండి, మీకు దణ్ణం పెడతాను" అని అడిగింది. పెట్టమని అడుక్కోవడం మా ఊళ్ళో అందరికీ అర్థమయ్యేదే. పెట్టొద్దని అడుక్కోవడం మాత్రం ఎవరూ ఎరగరు.

బ్యూలా అత్త అయితే మండిపడింది. మా ఊళ్ళో వయసు మళ్ళిన ఆడవాళ్ళందరూ అందరికీ అత్తలే. ఈవిడ మా చర్చి విందులన్నిటికీ పెత్తనం చేసే మనిషి, పిల్లలంటే ప్రాణం, నోరు మాత్రం పెద్దది.

"అదేం మాటే? పసిపిల్ల గడప తొక్కితే ముక్క పెట్టకుండా పంపమంటావా? నన్నేం మనిషి అనుకున్నావు?"

"దానికి మంచిది కాదు అత్తా."

"మంచిది కాని రొట్టె నేనెప్పుడూ కాల్చలేదు. నీకు పిల్లను పెంచడం భారమైతే చెప్పు, నా దగ్గర వదిలెయ్. కడుపు మాడ్చి చంపకు."

వదిన మొహం తెల్లబోయింది.  బయటికొచ్చాక నేను బ్యూలా అత్తను నాలుగు తిట్టాను. "ఊరుకో డ్రూ. ఆవిడ పిల్ల మీద ప్రేమతోనే అంది" అంది వదిన. ఆ మంచితనం చూస్తే నాకు ఇంకా కోపం వచ్చింది. ఊళ్ళో సగంమంది మాట విన్నారు. మిగతా సగం, తల్లి ఆకలితో మాడుస్తోంది కదా అని మరికాస్త ఎక్కువ పాకం రాసి పెట్టారు. మిర్టిల్ బరువు పెరుగుతూనే పోయింది. ఇంట్లో పిల్ల తిండి కోసం ఏడుస్తోందన్న మాటా, పిల్ల ఏనుగులా ఉందన్న మాటా రెండూ ఒకే నోటి నుంచి వినపడేవి. ఆ రెండూ ఒకదానికొకటి పొసగవని ఎవరికీ తట్టలేదు.

ఈ మాటలు పట్నం దాకా వెళ్ళాయి. మిర్టిల్‌కు తొమ్మిదో ఏడు నడుస్తుండగా, తీరం వెంట తిరిగే స్టీమర్‌లో సంక్షేమ అధికారి ఒకామె దిగింది. మిస్ హాలెట్ అని వయసులో చిన్నది, బూట్లు మెరుస్తున్నాయి. వచ్చి మా వదిన తలుపు తట్టింది. లోపలికొచ్చి తాళం చూసింది, పిల్లను చూసింది.

"ఈ అమ్మాయికి మీరు మితిమీరి పెడుతున్నారు" అంది.

"లేదమ్మా. కావాలంటే నా చేత్తో కొలిచి పెట్టేది చూపిస్తాను."

"అయితే ఈ బరువు ఎక్కడిది? గాలి తిని ఎవరూ లావెక్కరు కదా. పైగా ఆకలితో మాడుస్తున్నారని ఊరివాళ్ళే చెబుతున్నారు. ఏది నిజం?"

"రెండూ నిజం కాదు" అంది వదిన.  తనకే తెలియని అసలు సంగతి ఆమె ఎలా చెబుతుంది?

మిస్ హాలెట్ దుర్మార్గురాలు కాదు. కానీ ఎదురుగా ఉన్న పిల్లను ఒక తప్పిన లెక్కను చూసినట్టు చూసింది. మళ్ళీ స్టీమర్ వచ్చేసరికి పిల్ల తగ్గకపోతే పట్నంలో వేరే ఇంట్లో పెంచడానికి తీసుకుపోతామని తేల్చి చెప్పింది. మిర్టిల్ ఆ మాట వింది. ఆ రాత్రి నుంచి తనంతట తాను పళ్ళెంలో సగం వదిలేయడం మొదలుపెట్టింది. వదిలేసి, చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చునేది.  అది చూసి మా అన్న లేచి బయటికి వెళ్ళిపోయేవాడు.

ఆ వేసవి చివర్లోనే మిర్టిల్ సముద్రంలో పడింది. సాయంత్రం వెలుతురు మందగిస్తున్న వేళ. మా అన్న పడవ వస్తుంటే ఎదురెళ్ళింది. రేవు చెక్కలు అయిపోయినచోట ఆగకుండా ఇంకో అడుగు వేసింది. మా అన్న కొక్కెం కర్రతో కోటు పట్టి లాగాడు. బతికింది. ఊరు మాత్రం ఊరుకోలేదు. లావు వల్ల కాళ్ళు తడబడ్డాయి అన్నారు. తిండి దొరుకుతుందేమోనని పడవల దగ్గర తచ్చాడుతోందట అన్నారు. ఇది కూడా పట్నానికి చేరితే పిల్ల దక్కదని వదినకు తెలిసిపోయింది. తడిబట్టలు మారుస్తూ, "అంచు కనపడలేదా తల్లీ?" అని అడిగింది.

"సాయంత్రం పూట నాకేదీ కనపడదుగా అమ్మా. అందరికీ అంతేగా?" అంది మిర్టిల్.

వదిన నా వైపు చూసింది. 

ఆ వారంలోనే ఆసుపత్రి పడవ మా రేవుకు వచ్చింది. ఏటా వచ్చేదే. అంతకుముందు వచ్చిన డాక్టర్లు మిర్టిల్ బరువు చూసి, తిండి తగ్గించమని చెప్పి పంపేసేవాళ్ళు. పళ్ళు పీకించుకునేవాళ్ళు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు రేవు మీద బారులు తీరారు. వదిన ఎప్పుడూ ఎవర్నీ తోసుకుని ముందుకు వెళ్ళే మనిషి కాదు. ఆ రోజు మిర్టిల్ చెయ్యి పట్టుకుని అందర్నీ దాటుకుని పడవెక్కింది. వెనక నేను. "డాక్టరుగారూ, అందరూ పిల్ల బరువే చూస్తున్నారు. మీరు పిల్లను చూడండి" అంది.

డాక్టర్ ఓక్లీ అని సన్నటి మనిషి, అప్పటికే అలసిపోయి ఉన్నాడు. ఆ మాటకు కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. బరువు చూడనే లేదు. ముందుగా గదిలో దీపం తగ్గించి, వేలు ఎత్తి ఎటు కదులుతోందో చెప్పమన్నాడు. మిర్టిల్ చెప్పలేకపోయింది. మళ్ళీ దీపం పెంచి కంట్లోకి చాలాసేపు చూశాడు. తర్వాత బూట్లు, మేజోళ్ళు విప్పమన్నాడు. రెండు పాదాల్లోనూ చిటికెనవేలి పక్కన కందిగింజంత మచ్చ ఉంది. నేను ఎన్నోసార్లు ఆ పాదాలు కడిగాను, ఎప్పుడూ పట్టించుకోలేదు.

"పుట్టినప్పుడు ఇక్కడ ఆరో వేలు ఉండేదా?"

"లేదండీ" అంది వదిన వెంటనే.

"మీరు చూశారా, ఎవరైనా చెప్పారా?"

 పుట్టిన పిల్లను వదిన చేతికి ఇచ్చింది గుడ్డలో చుట్టి. ఇచ్చింది, ఆ తర్వాత వదిన మంచం దిగేదాకా పిల్లకు నీళ్ళు పోసి గుడ్డలు మార్చింది సెలీనా అత్త. మా ఊళ్ళో ముప్పావు మందిని భూమ్మీదకు తెచ్చిన మంత్రసాని ఆవిడ. అదృష్టమో ఏమో, మోకాళ్ళు చూపించుకోవడానికి వచ్చి రేవు మీదే కూర్చుని ఉంది. నేను వెళ్ళి పిలుచుకొచ్చాను.

"ఉండేవి" అంది సెలీనా అత్త, దాచాల్సిన సంగతేమీ కాదన్నట్టు. "రెండు కాళ్ళకీ ఉండేవి. ఎముక లేని చిన్న వేళ్ళు. దారం బిగించి కట్టాను, కొన్నాళ్ళకి ఎండి రాలిపోయాయి. పొయ్యిలో వేశాను."

"నాకెందుకు చెప్పలేదు అత్తా?" అని అడిగింది వదిన.

"బాలింతతో అలాంటివి చెబుతారుటే? దిగులుపడితే పాలు ఎండిపోవూ? ఆడపిల్ల, రేపు నలుగురూ వేళ్ళు లెక్కపెట్టి నవ్వరూ? మా అమ్మ నాకు అదే నేర్పింది. మీ ఇళ్ళల్లో అది కొత్తేం కాదు. ఈ డ్రూ వాళ్ళ నాన్న చెల్లెలు లావీనియా లేదూ, ఆవిడకి మా అమ్మే కట్టింది."

లావీనియా అత్త నాకు గుర్తుంది. నా చిన్నప్పుడు పొయ్యి పక్కన కుర్చీలో కూర్చుని ఉండేది. చాలా లావుగా, చూపు లేకుండా. తిండిబోతుతనానికి దేవుడు వేసిన శిక్ష అనేవాళ్ళు. ముప్పై నిండకుండానే పోయింది. పెళ్ళికాని మేనత్త గురించి అంతకుమించి ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. సెలీనా అత్త ఎంత మంచి మనసుతో దారం కట్టిందో అంత మంచి మనసుతోనే ఒక గుర్తును తీసి పొయ్యిలో పారేసింది. ఆ గుర్తు కాలికే ఉండుంటే, మొదటి డాక్టరే అడిగి ఉండేవాడు. ఇన్నేళ్ళు ఇంత నింద ఉండేది కాదు. సెలీనా అత్త మీద నాకు కోపం రావాలి, రాలేదు. ఆవిడ మా అందరి పరువూ కాపాడుతున్నాననుకుంది.

డాక్టర్ మెల్లగా చెప్పాడు. ఇది వంశంలో వచ్చే జబ్బు. తల్లిలో ఒక వాటా, తండ్రిలో ఒక వాటా దాగి ఉంటుంది. ఒక్క వాటా ఉన్నంతవరకు ఎవరికీ ఏమీ కాదు, ఉన్నట్టు కూడా తెలియదు. రెండూ ఒకే బిడ్డలో కలిస్తే ఇలా బయటపడుతుంది. మా కోవ్ మొత్తం రెండు మూడు ఇళ్ళ నుంచి పుట్టి పెరిగిందే, పెళ్ళిళ్ళన్నీ ఈ నాలుగు రేవుల మధ్యే. అందుకే ఇక్కడ కలుస్తోంది. పొట్ట నిండిందన్న కబురు ఈ పిల్ల బుర్రకు సరిగా అందదు. తిన్నది కూడా ఒంట్లో మిగతావాళ్ళ కంటే ఎక్కువ నిలిచిపోతుంది.

"మీరు తాళం వేసి మంచి పని చేశారు. వేయకపోతే ఇప్పటికి చక్కెర జబ్బు కూడా వచ్చేదేమో. ఇది మీరు పెట్టిన తిండి వల్ల కాదమ్మా. మీ తప్పేమీ లేదు" అన్నాడు.

ఆ మాట కోసం వదిన ఏడేళ్ళు ఎదురుచూసింది. విని సంతోషిస్తుందనుకున్నాను.

"తగ్గుతుందా?" అని అడిగింది.

"అదుపులో పెట్టొచ్చు. ఆకలి పోదు. చూపు..." అని డాక్టర్ ఆగాడు. "చూపు ఇంకా తగ్గుతుంది. పెద్దయ్యేసరికి ఉండకపోవచ్చు. మూత్రపిండాలు కూడా కనిపెట్టి చూసుకోవాలి."

వదిన మేజోళ్ళు తీసి మిర్టిల్ కాళ్ళకు తొడిగింది. "నా తప్పే అయితే బాగుండేది డాక్టరుగారూ. తప్పయితే దిద్దుకునేదాన్ని" అంది.

కబురు తెలిసి బ్యూలా అత్త ఏడుస్తూ వచ్చింది. "నా చేత్తో పెట్టానే, నా చేతులు విరిగిపోనూ" అని గోలపెట్టింది. వదిన ఆవిడకు టీ పోసి కూర్చోబెట్టింది. "ప్రేమతో పెట్టావు అత్తా. ఇకమీదట అదే ప్రేమతో పెట్టకుండా ఉండు" అంది. బ్యూలా అత్త మాట నిలబెట్టుకుంది. మిర్టిల్ వస్తే రొట్టె బదులు పాటలు పాడించుకునేది. ఆ పిల్ల ముందు తనూ ఏమీ నోట పెట్టుకునేది కాదు. ఆవిడకు అది మామూలు త్యాగం కాదు.

స్టీమర్ మళ్ళీ వచ్చింది. మిస్ హాలెట్ అప్పటికే డాక్టర్‌తో మాట్లాడి ఉంది. ఈసారి కుర్చీలో కూర్చుంది, టీ తాగింది. "పిల్లను మీ దగ్గర్నుంచి ఎవరూ తీసుకుపోరు, మిసెస్ కీపింగ్. నేను తొందరపడ్డాను" అంది. పోయేముందు ఇంకో మాట చెప్పింది. దూరపు నగరం హాలిఫాక్స్‌లో చూపులేని పిల్లల బడి ఉంది. చూపు పూర్తిగా పోకముందే చేరితే వేళ్ళతో చదవడం, కర్రతో నడవడం బాగా వస్తాయి. భోజనం కొలిచి పెడతారు, వైద్యులు దగ్గర్లో ఉంటారు. వేసవి సెలవులకు మాత్రమే ఇంటికి పంపుతారు. "బలవంతం లేదు. మీ ఇష్టం" అంది.

ఆ చలికాలమంతా ఇంట్లో అదే వాదన.

"ఇంత పోరాడి నిలబెట్టుకున్నాం. ఎవరో తీసుకుపోతామంటే ప్రాణం పోయినంత పనైంది. ఇప్పుడు మనమే పంపుతామా? ఊరు నవ్వదూ?" అనేవాడు మా అన్న.

"ఊరి సంగతి నాకు చెప్పకు. నేను ఉన్నన్నాళ్ళు దాని చెయ్యి నేనే పట్టుకుంటా. నేను పోయాక? లావీనియాలాగా ఆ కుర్చీలో కూర్చోబెడతావా?"

చివరికి మా అన్న ఒప్పుకున్నాడు.

మిర్టిల్ తర్వాతి జీవితం ఇక్కడే చెప్పేస్తాను. అది వేళ్ళతో చదవడం నేర్చుకుంది. బడి గాయకుల్లో ముందు వరుసలో నిలబడింది. పట్నంలో టెలిఫోన్ ఆపరేటరుగా కొన్నేళ్ళు పనిచేసింది. ఆకలి దాన్ని ఒక్కరోజు కూడా వదల్లేదు. "నా ఆకలీ నేనూ ఒకే గదిలో అద్దెకుంటున్నాం అత్తా, ఒకరి మొహం ఒకరికి పడదు" అని నాతో నవ్వుతూ అనేది. ముప్పై ఆరో ఏట మూత్రపిండాలు చెడి పోయింది. ఆ తర్వాత చాలా ఏళ్ళకు, ఈ జబ్బు మూలం వెతుకుతూ పట్నం నుంచి కుర్ర శాస్త్రజ్ఞులు రక్తం కోసం వచ్చారు. అందరికంటే ముందు చొక్కా చెయ్యి మడిచింది డెబ్భై దాటిన మా వదిన. "తీసుకో బాబూ. ఇన్నాళ్ళూ అందరూ నా వంటగదిలో వెతికారు" అంది. నేనూ ఇచ్చాను. నాలోనూ ఒక వాటా ఉందని తేలింది. పిల్లల్లేని నాకు దాంతో పని లేదు గానీ, మేనత్త లావీనియాకు నేను దగ్గరిదాన్నే అని ఆ రోజు తెలిసింది.

కానీ వదిన అనగానే నాకు కళ్ళ ముందుకొచ్చేది ఇవేవీ కాదు, మిర్టిల్‌ను బడికి పంపిన సాయంత్రం.

స్టీమర్ పగలే రావాలి, పొగమంచు వల్ల ఆలస్యమైంది. వచ్చేసరికి వెలుతురు పోతోంది. ఊరంతా రేవు మీదకు వచ్చింది. మిర్టిల్ కొత్త కోటు వేసుకుని, మిస్ హాలెట్ చెయ్యి పట్టుకుని మెట్లెక్కింది. దానికి పదేళ్ళు. ఏడవలేదు. పైన కమ్మీ పట్టుకుని నిలబడింది. ఓడ కదిలింది. మావాళ్ళందరూ రుమాళ్ళు తీసి ఊపడం మొదలుపెట్టారు. మా అన్న టోపీ తీసి ఊపాడు. మిర్టిల్ రేవుకు ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు, ఎవరూ లేని రాళ్ళ వైపు తిరిగి చెయ్యి ఊపుతోంది. అప్పుడు అర్థమైంది నాకు, దానికి మేమెవరమూ కనపడటం లేదని.

వదిన చెయ్యి ఊపలేదు. రేవు చివరిదాకా నడిచింది. జీవితంలో ఎవరి మీదా గొంతు ఎత్తని మనిషి నోటికి ఇరువైపులా రెండు చేతులూ పెట్టుకుని అరిచింది.

"మిర్టిల్! ఇటు, ఇటున్నానే! ఇటు తిరుగు తల్లీ!"

ఓడ మీద ఆ చిన్న ఆకారం ఆగింది. మెల్లగా మా వైపు తిరిగింది. "అమ్మా!" అని వినపడింది. వదిన మళ్ళీ పిలిచింది. అది మళ్ళీ పలికింది. రుమాళ్ళు ఊపేవాళ్ళందరూ ఊపడం మానేశారు. పిలుపు, బదులు, పిలుపు, బదులు. బదులు చిన్నదవుతూ చిన్నదవుతూ వచ్చింది. ఓడ కొండ మలుపు తిరిగింది. నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. వదిన ఇంకా అరుస్తూనే ఉంది, గొంతు బొంగురుపోయింది.

మా అన్న వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాడు. "చాలు ట్రైఫీనా. ఇంక దానికి వినపడదు" అన్నాడు.

"వినపడదని నీకెవరు చెప్పారు?" అని, ఆమె మళ్ళీ పిలిచింది.